అరిసెలు మానేస్తే అత్తమ్మ పేరు పోతుందా?

డిసెంబర్ సెలవుల్లో మీ ఇంట్లో ఏ అలవాటు నిలబడింది, ఏది ఆగిపోయింది, ఏది కొత్తగా మొదలైంది అని పోయిన నెల అడిగాను. చాలామంది రాశారు. అన్నీ చదివాక నాకు అర్థమైంది ఒకటే, పండగ గురించి గొడవ అని మొదలుపెట్టిన ఉత్తరాల్లో చాలావాటిలో అసలు గొడవ పని గురించి. ఆ పని ఎవరి నెత్తిన పడుతోంది, పడుతోందని ఇంట్లో ఎవరైనా చూస్తున్నారా అని. అందుకే మొదటి జవాబు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మేడమ్, మాది మల్కాజిగిరి. మా అత్తమ్మ ఉన్నన్నాళ్లూ క్రిస్మస్‌కి పది కిలోల బియ్యం పోసి అరిసెలు, అవి కాక గవ్వలు, గులాబీ పువ్వులు, కారప్పూస వండి చర్చిలో వాళ్లకీ వీధిలో వాళ్లకీ పంచేవారు. ఈ మార్చిలో ఆమె పోయారు. నాకు ఆఫీసు, ఇద్దరు పిల్లలు, 23 దాకా సెలవు లేదు. ఈసారి బయట తెప్పిద్దాం అన్నందుకు మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. ఆడపడుచు ఫోన్ చేసి "అమ్మ పోయిన ఏడాదే ఆమె పేరు తుడిచేస్తున్నావా" అంది. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా, తప్పేమీ లేదు. ముందు ఈ మాట నమ్మండి, తర్వాత మిగతాది చదవండి.

మీ అత్తమ్మగారు పది కిలోలు వండారు, నిజమే. ఒక్కరే వండారా? ఒకసారి ఆ వంటిల్లు గుర్తు తెచ్చుకోండి. మాది చిలకలగూడ. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక బాపట్ల వైపు నుంచి ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చేసిన కుటుంబం మాది. అమ్మ డిసెంబర్ 21 పొద్దున బియ్యం నానబోసి, రాత్రి నీళ్లు మార్చేది. మర్నాడు వడకట్టి పాత చీర మీద కాసేపు ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే గిర్నీకి పంపేది, తడి పిండి పట్టే వేళ వేరు కాబట్టి అక్కడ లైన్‌లో నిలబడటం నా పని. పాకం పొయ్యి మీద ఉన్నంతసేపూ అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. పళ్లెంలో నీళ్లు పోసుకుని, అందులో ఒక చుక్క పాకం వేసి, వేలితో కూడదీసి చూసేది. మెత్తటి ఉండ కట్టిందా, దించేయాలి, ఇంకొంచెంసేపు ఉంచితే అరిసె రాయి. పిండి పోస్తుంటే తెడ్డు తిప్పడానికి నాన్న, ఆకు మీద వత్తడానికి పిన్ని, నూనెలోంచి తీసినవి రెండు చెక్కల మధ్య నొక్కడానికి పక్క క్వార్టర్ ఆంటీ. అంటే అమ్మతో కలిపి నలుగురు పెద్దవాళ్లు, ఒక పిల్ల. పేరు మాత్రం అమ్మ అరిసెలు.

అమ్మ పోయిన ఏడాది నేను మీలాగే ఒంటరిగా ఆ పొయ్యి ముందు కూర్చున్నాను. ఒక చేత్తో పిండి పోస్తూ ఇంకో చేత్తో తెడ్డు తిప్పడం కుదరలేదు, పాకం ముదిరిపోయింది, మూడు కిలోల పిండి పాడైంది. రాత్రి పదకొండున్నరకి గిన్నె కడుగుతూ ఏడ్చాను. పిండి పోయినందుకు వచ్చిన ఏడుపు కాదని నాకు తెలుసు. మా చెల్లెలు వచ్చి, "అక్కా, అరిసెలు వద్దు, గులాబీ పువ్వులు మనిద్దరికీ వచ్చు కదా" అంది. ఆ ఏడాది నుంచి మా ఇంట్లో అరిసెలు లేవు, గులాబీ పువ్వులే. అమ్మతో కూర్చుని అరిసెలు నొక్కిన ఆ పక్క క్వార్టర్ ఆంటీకి డబ్బా ఇస్తూ "అమ్మ లేదు ఆంటీ, అందుకే అరిసెలు లేవు" అన్నాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి అమ్మ గురించి గంటసేపు చెప్పింది, నాకు తెలియనివి కూడా. అమ్మ పేరు అరిసెతో పోలేదు, ఆ గంటలో నాకు ఇంకా దగ్గరయింది.

కాబట్టి ఇలా చేయండి. వచ్చే ఆదివారం చర్చి అయ్యాక మీ ఆయన్నీ, ఆడపడుచునీ కూర్చోబెట్టి ఒక కాగితం మీద వంటలన్నీ రాయండి. ఒక్కో వంట పక్కన ఎవరు చేస్తారో వాళ్ల పేరు వాళ్లే రాయాలి, మీరు రాయకూడదు. పేరు పడని వంట ఈ ఏడాది లేదు. అరిసెలు ఉండాల్సిందే అని మీ ఆయన అంటే సంతోషం, గిర్నీ, తెడ్డు ఆయనవి, వత్తడం ఆడపడుచుది, మీరు పాకం చూస్తారు. వాళ్లమ్మ పేరు వాళ్లూ నిలబెట్టాలి కదా. ఇంకో సంగతి, ఇంట్లో మనిషి పోయిన ఏడాది చాలా కుటుంబాలు పండగ తగ్గించుకుంటాయి, ఎవరూ తప్పు పట్టరు. ఇళ్లలో పిండివంటలు చేసి అమ్ముకునే ఆడవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు, వాళ్లకి ముందుగా చెప్పి చేయించుకున్నా బాగుంటుంది, ఒక ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయి.

గులాబీ పువ్వులు ఎంచుకుంటే మాత్రం ఒక మాట. కొత్త అచ్చు అయితే ముందు రోజు రాత్రంతా నూనెలో ముంచి ఉంచండి. వండేటప్పుడు అచ్చు కాగే నూనెలో బాగా వేడెక్కాలి, తర్వాత పిండిలో ముప్పాతిక వంతే ముంచాలి. పైదాకా మునిగితే పిండి అచ్చు చుట్టూ కట్టుకుపోయి పువ్వు విడవదు. మొదటి రెండు మూడు ఎలాగూ విరుగుతాయి, అవి పిల్లలకి.

ప్రశ్న: అక్కా, నేను క్రిస్టియన్, మా ఆయన హిందూ. మా అమ్మవాళ్లది బోయిన్‌పల్లి, అత్తయ్యవాళ్లది దిల్‌సుఖ్‌నగర్. పాపకి మూడేళ్లు. క్రిస్మస్ చెట్టు పెట్టి అక్కడే భోగిపళ్లు కూడా పోసేద్దాం, అందరూ ఒకేసారి వస్తారని మా ఆయన ఆలోచన. మా అమ్మ భోగిపళ్లే వద్దంటోంది. అత్తయ్య ప్రసాదం పెడితే నేను తినకపోవడంతో పోయిన ఏడాది అందరి ముందూ పెద్ద గొడవ. డిసెంబర్ వస్తే చాలు టెన్షన్.

జవాబు: రెండూ కలపకండి. కలిపితే ఎవరికీ వాళ్ల పండగలా ఉండదు, ఇద్దరు అమ్మమ్మ నానమ్మలూ ఎదుటివాళ్ల వైపు చూస్తూ కూర్చుంటారు. క్యాలెండర్ మీకు మేలే చేసింది కదా, క్రిస్మస్ డిసెంబర్ 25న, భోగి జనవరి 13నో 14నో, మధ్యలో దాదాపు మూడు వారాల తెరిపి. పైగా తెలంగాణలో డిసెంబర్ 26 కూడా సెలవు ఇస్తున్నారు. 25 మొత్తం బోయిన్‌పల్లిలో ఉండండి, 26న కేక్ తీసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లండి. భోగి నాడు సాయంత్రం నానమ్మ ఇంట్లో నానమ్మ పద్ధతిలో జరగనివ్వండి. పాపని పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్లు, చెరుకు ముక్కలు, బంతిరేకులు, చిల్లర కలిపి తల మీంచి పోస్తే, ఆ నాణేలు ఏరుకోవడానికి పీట దిగి పరుగెత్తే పిల్లని చూడటానికే అందరూ వస్తారు. దాన్ని దిష్టి తీయడంగా, పెద్దల దీవెనగా చూసేవాళ్లు ఉన్నారు. మీ అమ్మకి అందులో పూజ కనపడితే ఆవిడని రమ్మని ఒత్తిడి చేయకండి, ఆవిడ నమ్మకం ఆవిడది. మీ మనసు ఎక్కడ ఒప్పుకోదో అక్కడ మీరు పక్కకి కూర్చోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రసాదం సంగతి పీటల మీద కూర్చున్నాక తేల్చేది కాదు. వారం ముందే అత్తయ్యతో మీరే, మీ ఆయనతో కబురు పెట్టకుండా, మాట్లాడండి. "అత్తయ్యా, దేవుడికి పెట్టింది నేను తినను, మీ చేతి పరవాన్నం మీద కోపంతో కాదు, నైవేద్యానికి ముందే నాకో గిన్నె తీసి ఉంచుతారా" అని అడగండి. ఇలాంటి పెళ్లిళ్లు జరిగిన ఎన్నో ఇళ్లలో ఆ గిన్నె పక్కన ఉంటోంది. అందరి ముందూ వద్దంటే వండిన మనిషికి అవమానం, ముందే అడిగితే అది కోడలు చనువుగా అడిగినట్టు ఉంటుంది. నా అనుభవంలో ఇలా అడిగించుకున్న ఏ అత్తగారూ కాదనలేదు.

ప్రశ్న: మేము ఉండేది ఎల్.బి.నగర్. ప్లాస్టిక్ చెట్టు, ఆన్‌లైన్‌లో తెప్పించిన స్టార్, కొన్న కేక్. పిల్లలు డబ్బాలు విప్పుతారు, అరగంటలో అయిపోతుంది. వాళ్లతో కలిసి కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలని ఉంది సార్/మేడమ్.

జవాబు: స్టార్ చేయండి. హైదరాబాద్‌లో దీనికి ఉన్న వీలు ఇంకెక్కడా లేదు, ఎందుకంటే సంక్రాంతి పతంగుల కోసం డిసెంబర్‌లోనే రంగు కాగితాలు దిగుతాయి. ధూల్‌పేట వైపు ఒక సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లండి, పతంగులు కట్టే చేతుల్ని చూడటమే వాళ్లకి సగం సెలవు. సన్నగా చీల్చిన వెదురు బద్దలు పది కావాలి. ఐదింటితో ఒక నక్షత్రం, ఐదింటితో ఇంకోటి, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొనల దగ్గర దారంతో బిగించండి. లోపల ఐదు చోట్ల బద్దలు దాటుకునే దగ్గర జానెడు పుల్లలు అడ్డం పెడితే అది ఉబ్బి నిలబడుతుంది. పుల్ల పెట్టే ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడండి. మైదా ఉడికించిన బంకతో కాగితం అతికించి, బల్బు పెట్టడానికి ఒక పక్క తెరిచి ఉంచండి. మా చిన్నప్పుడు లోపల పెట్టే పాత బల్బు వేడికి కాగితం మాడి నల్లబడేది, మీరు చిన్న ఎల్‌ఈడీ పెట్టండి.

చెట్టు గురించి కూడా చెప్పాలి. మా నాన్న ఏటా బాపట్ల నుంచి రైల్లో సరుగుడు కొమ్మ తెచ్చేవారు, గోనెసంచిలో చుట్టి. ఇసుక నింపిన బకెట్లో పాతి, మీద దూది అంటించేవాళ్లం. ఇల్లంతా సముద్రపు గాలి వాసన వచ్చినట్టు ఉండేది నాకు. ఇక్కడ సరుగుడు దొరక్కపోతే నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ పేరుతో అమ్మే అరకేరియా కుండీ తెచ్చుకోండి. పండగ అయ్యాక బాల్కనీలో పెట్టి నీళ్లు పోస్తే పిల్లలతో పాటు అదీ పెరుగుతుంది.

ప్రశ్న: మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. మా చర్చి యూత్ క్యారల్స్‌కి రాత్రి ఒంటిగంటకి వచ్చి స్పీకర్ పెట్టి పాడారు, అసోసియేషన్ వాళ్లు నోటీసు ఇచ్చారు. చిన్నప్పటి నుంచీ రాత్రి రౌండ్స్ అలవాటు, దీన్ని వదులుకోవాలా?

జవాబు: రౌండ్స్ వదులుకోకండి, వేళ మార్చండి. స్పీకర్ మాత్రం వదిలేయాల్సిందే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అంతే. ఆ రూల్ ఏ మతానికైనా ఒకటే, అసోసియేషన్ వాళ్లు పగబట్టి చేస్తున్నారని అనుకోవద్దు. మీ బిల్డింగ్‌లో నెలల పిల్లలు ఉంటారు, గుండె ఆపరేషన్ అయిన పెద్దవాళ్లు ఉంటారు.

నా చిన్నప్పుడు కూడా అర్ధరాత్రి దాటాకే వచ్చేవాళ్లు. పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ఒకరు ముందు, వెనక డోలక్, కంజిర, తాళాలు. స్పీకర్ లేదు. దూరం నుంచి పాట మెల్లగా దగ్గరికొస్తుంటే దుప్పటి కింద నుంచే వినేవాళ్లం, అమ్మ లేచి టీ గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడు వినపడేది. మీకు నచ్చింది ఆ దగ్గరికొచ్చే పాటే అయితే, ఏడు నుంచి తొమ్మిదిన్నర లోపు నోటితో పాడుతూ అంతస్తు అంతస్తుకీ మెట్లెక్కండి. రెండు రోజుల ముందు లిఫ్ట్ దగ్గర కాగితం అంటించి, పాట వినాలనుకున్నవాళ్లు ఫ్లాట్ నంబర్ రాయమనండి. మా బంధువుల అపార్ట్‌మెంట్‌లో ఇలా చేస్తే క్రిస్టియన్ ఇళ్లు మూడే ఉన్నా పదకొండు నంబర్లు పడ్డాయి.

ప్రశ్న: మేము రిటైరయ్యాం, వనస్థలిపురంలో ఉంటాం, హిందువులం. మా అబ్బాయి అమెరికా నుంచి పిల్లలతో డిసెంబర్ 20న వచ్చి జనవరి 5న వెళ్లిపోతాడు. వాడి చిన్నప్పుడు ఏటా సెలవుల్లో మెదక్ చర్చికీ, తర్వాత నుమాయిష్ ఎగ్జిబిషన్‌కీ తీసుకెళ్లేవాళ్లం. ఇప్పుడు మనవలకి చూపించాలని ఆశ, కోడలేమో రద్దీకి భయపడుతోంది.

జవాబు: కోడలి భయం నిజమే, 25న మెదక్‌లో అడుగు పెట్టే సందు ఉండదు. 22నో 23నో, ఆదివారం కాని రోజు చూసుకుని పొద్దున్నే బయల్దేరండి, హైదరాబాద్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. అక్కడ రంగు గాజు కిటికీలు మూడు ఉన్నాయి, యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయటి వెలుతురు లోపలికి వస్తేనే ఆ బొమ్మలు కనపడతాయి, చీకటి పడ్డాక వెళ్తే నల్లటి అద్దాలే, కాబట్టి ఎండ ఉండగానే చేరుకోండి. పిల్లలకి అది కట్టిన కథ చెప్పండి. 1914లో పని మొదలైంది, కరువు రోజులు, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఊళ్ల జనానికి ఊరికే అన్నం పెట్టడం కాకుండా పని చూపించి అన్నం పెట్టారు, పదేళ్ల తర్వాత 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. ఆకలితో వచ్చిన వాళ్లు మోసిన రాళ్లు అవి అని మనవలకి చెప్తే, చేత్తో తాకి చూస్తారు.

నుమాయిష్ మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది కాబట్టి మీకు నాలుగు సాయంత్రాలు దొరుకుతాయి. తొలి రోజుల్లో అన్ని స్టాళ్లూ తెరవరు, అందుకే రద్దీ తక్కువ, మీకు అదే మంచిది. బయల్దేరే ముందు తేదీ ఒకసారి చూసుకోండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో నాంపల్లి గ్రౌండ్స్‌కి మారిన మేళా అది. మీ అబ్బాయిని చిన్నప్పుడు ఏ బొమ్మ రైలు ఎక్కించారో, పిల్లల్ని వాడి చేతే ఎక్కించండి, మీరు బయట నిలబడి చూడండి.

ప్రశ్న: క్రిస్మస్‌కి ఒక జత, న్యూ ఇయర్‌కి ఒక జత కొనడం మా ఇంట్లో ఆచారం. ఈ ఏడాది మా ఆయనకి పని లేదు. పిల్లలకి ఎలా చెప్పాలి?

జవాబు: ఉన్నది ఉన్నట్టు చెప్పండి, పిల్లలు మనం అనుకున్నదానికన్నా బాగా అర్థం చేసుకుంటారు. ఒక్క జత చాలు. అదే ఉతికి ఇస్త్రీ చేసి 31 రాత్రి చర్చికి వేయండి, కొత్తదే. అప్పు చేసి మాత్రం కొనకండి, జనవరి ఫీజులు ముందున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. ఈసారి 31 రాత్రి ఆరాధనకి రానంటున్నాడు, ఫ్రెండ్స్‌తో ఉంటాడట. పుట్టినప్పటి నుంచీ పన్నెండు కొట్టేటప్పటికి నలుగురం ఒకే బెంచీ మీద ఉన్నాం. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ బాధ నాకు తెలుసమ్మా, మా పెద్దాడు కూడా ఆ వయసులో రెండేళ్లు రాలేదు. లాక్కెళ్లకండి. బెంచీ మీద కూర్చోబెట్టగలరు గానీ మనసుని కూర్చోబెట్టలేరు. ఎక్కడ ఉంటాడో, ఎవరితో ఉంటాడో, ఎలా తిరిగొస్తాడో అడగండి, ఆ రాత్రి బండి నడపొద్దని గట్టిగా చెప్పండి, అది తల్లిగా అడగాల్సిందే.

ఆరాధన అయ్యాక మీ చర్చిలో బైబిల్ వాక్యం రాసిన వాగ్దానం కార్డులు తీయిస్తారు కదా, మీ కార్డు తీసుకున్నాక వాడి పేరు చెప్పి ఇంకొకటి తీయండి. పాస్టర్ గారు ఏమీ అనరు, ఊళ్లో లేనివాళ్ల కోసం అందరూ తీసేదే. వచ్చి వాడి దిండు పక్కన పెట్టేయండి, చదివావా అని అడగకండి. మా వాడు ఆ రెండు కార్డులూ పర్సులో పెట్టుకున్నాడని నాకు వాడి పెళ్లయ్యాక కోడలు చెప్పింది.